పదేళ్ల తర్వాత ఏ కారు నిలుస్తుంది? యజమానుల మాటల్లో లెక్క ఎంత, నమ్మకం ఎంత

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది. నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోలు ఇంజన్ ఉన్న బండ్లకు (డీజిల్ అయితే 1500 సీసీ) అంతకుముందు 28 శాతం పన్ను, దానిపై సెస్సు ఉండేవి. ఇప్పుడు 18 శాతమే. ధర దిగేసరికి హనుమకొండలో, కరీంనగర్‌లో, మంచిర్యాలలో కారు కొందామా వద్దా అని ఊగిసలాడుతున్న ఇళ్లలో పాత చర్చ మళ్లీ మొదలైంది: ఏ కంపెనీ బండి ఎక్కువ కాలం మన్నుతుంది?

బావమరిది ఒక పేరు చెబుతాడు. సింగరేణిలో పనిచేసే బాబాయి ఇంకో పేరు చెబుతాడు. షెడ్డులో మెకానిక్‌ది మూడో మాట, అమెరికాలో ఉన్న కొడుకుది నాలుగో మాట. ఎవరూ అబద్ధం ఆడటం లేదు, అందరూ కళ్లారా చూసిందే చెబుతున్నారు. అయినా నాలుగు మాటలూ కలవవు. నా ఉద్దేశంలో దీనికి కారణం ఒకటే. అందరూ కంపెనీ పేరుతో జవాబు చెబుతున్నారు కానీ, ఒక్కొక్కరూ వేరే ప్రశ్నకు జవాబు చెబుతున్నారు.

## చెడిపోకపోవడం, మన్నడం, చవకగా బాగుపడటం

ముందు మూడు సంగతులను విడదీయాలి. ఒక కారు ఇచ్చిన కాలంలో ఎన్నిసార్లు మొరాయిస్తుంది అన్నది విశ్వసనీయత. ఇంజను, గేర్‌బాక్సు, బాడీ లాంటి పెద్ద భాగాలు ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగాక అరిగిపోతాయి అన్నది మన్నిక. చెడినప్పుడు జేబుకు ఎంత చిల్లు పడుతుంది అన్నది మరమ్మతు ఖర్చు. మూడూ ఒకే బండిలో ఒకే తీరుగా ఉండాలని లేదు.

ఊహించిన అంకెలతో ఒక లెక్క చూద్దాం. ‘క’ అనే బండి ఏడేళ్లలో ఐదుసార్లు ఇబ్బంది పెట్టింది: బ్యాటరీ, హారన్, కిటికీ మోటారు, ఒక సెన్సారు, ఫ్యాన్ రిలే. సగటున ఒక్కోదానికి రూ.3,000 చొప్పున మొత్తం రూ.15,000. ‘ఖ’ అనే బండికి ఆరేళ్లు ఏమీ కాలేదు. ఏడో ఏట ఆటోమేటిక్ గేర్‌బాక్సు పోయి రూ.1,20,000 అయింది. సమస్యల సంఖ్య చూస్తే ‘ఖ’ మంచి బండి, ఖర్చు చూస్తే ‘క’ మంచి బండి. ‘ఖ’ ఆగిపోయింది ఏటూరునాగారం అడవి దారిలో రాత్రిపూట అయితే, ఆ ఇంట్లోవాళ్లు ఇక ఏ లెక్కా వినరు.

భద్రత వీటన్నిటికీ బయటి విషయం. ఢీకొన్నప్పుడు మనిషిని ఎంతవరకు కాపాడుతుంది అన్నదే నక్షత్రాల రేటింగు చెబుతుంది. టాటా నెక్సాన్‌కు 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. మారుతి కొత్త డిజైర్‌కు 2024 నవంబరులో వచ్చాయి. ఈ నక్షత్రాలను బట్టి సస్పెన్షన్ బుష్‌లు ఎన్నాళ్లు ఉంటాయో, ఏసీ కంప్రెసర్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. ‘గట్టి బండి’ అని మనవాళ్లు అంటే అది బాడీ రేకు గురించా, ఇంజను గురించా అని ఒకసారి అడిగి తెలుసుకోవాల్సిందే.

## మన దగ్గర పట్టికలు ఎందుకు లేవు

జర్మనీలో ప్రతి సొంత కారూ కొన్న మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి తప్పనిసరి తనిఖీకి వెళ్లాలి. లక్షల తనిఖీల ఫలితాలను మోడల్ వారీగా, వయసు వారీగా ఏటా అచ్చువేస్తారు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే సంస్థ తన సభ్యులను అడిగి పట్టికలు వేస్తుంది. అక్కడి మరో సర్వే సంస్థ జె.డి. పవర్ మూడేళ్ల వయసున్న కార్ల యజమానులను అడిగి వంద కార్లకు ఎన్ని సమస్యలో లెక్క కడుతుంది.

మన దగ్గర సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అప్పటివరకు పొగ పరీక్ష తప్ప బండిని పైనుంచి కిందికి చూసే ప్రభుత్వ తనిఖీ ఏదీ లేదు. టాక్సీలకు, వ్యాన్లకు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది కానీ, అందులో ఏ మోడల్ ఎన్నిసార్లు తప్పిందో జనం చదువుకునే పట్టికగా బయటికి రాదు. కంపెనీల దగ్గర వారంటీ క్లెయిముల లెక్క పైసలతో సహా ఉంటుంది. అది వాళ్ల వ్యాపార రహస్యం. కాబట్టి మనకు మిగిలింది యజమానుల మాటే. అది సాక్ష్యమే, కొట్టిపారేయడానికి లేదు. అయితే సాక్షి ఎక్కడ నిలబడి చూశాడో కూడా చూడాలి.

పట్టికలున్న దేశాల్లోనూ చిక్కు తీరిపోలేదు. జె.డి. పవర్ లెక్కలో ఇంజను ఆగిపోవడమూ ఒక సమస్యే, ఫోను తెరకు అనుసంధానం కాకపోవడమూ ఒక సమస్యే. ఈమధ్య సంవత్సరాల్లో అమెరికా యజమానులు అన్నిటికంటే ఎక్కువగా ఫిర్యాదు చేసింది తెరలు, పాటలు, ఫోను కలయిక గురించే. ఒక కంపెనీ అట్టడుగున కనిపించిందంటే దాని ఇంజను చెడ్డదని అర్థం కాకపోవచ్చు.

## షెడ్డు ముందు నిలబడి చేసే లెక్క

వరంగల్ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా బండ్లు విప్పి బిగించే మనిషికి తెలిసినంత మనకు తెలియదు, నిజమే. కానీ ఆయన చూసేది చెడిన బండ్లనే. బాగున్నవి షెడ్డుకు రావు.

మళ్లీ ఊహా లెక్కే. ఊళ్లో ‘క’ కంపెనీ కార్లు 4,000, ‘ఖ’ కంపెనీవి 400 ఉన్నాయనుకుందాం. ఒక నెలలో షెడ్డుకు ‘క’వి 40, ‘ఖ’వి 6 వచ్చాయి. ‘ఎప్పుడు చూసినా ఆ క బండ్లే’ అనిపించడం సహజం. భాగించి చూస్తే ‘క’లో నూటికి ఒకటి, ‘ఖ’లో నూటికి ఒకటిన్నర. కనిపించినదానికి లెక్క అడ్డం తిరిగింది.

ఇంతటితో ఆగితే అదీ పొరపాటే. ‘క’ బండ్ల సగటు వయసు తొమ్మిదేళ్లు, ‘ఖ’ బండ్లది మూడేళ్లు అయితే తేడా ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే కొత్త బండ్లకే ఆ మాత్రం సమస్యలు వస్తున్నాయన్నమాట. పైగా మూడేళ్ల బండ్లు వారంటీలో ఉంటాయి, వాటిలో చాలావరకు షోరూం సర్వీసింగుకే పోతాయి, బయటి షెడ్డు గుమ్మం తొక్కవు. ఆ ఆరు కాక షోరూంలో ఇంకెన్ని ఉన్నాయో మెకానిక్‌కు తెలిసే దారి లేదు.

దీనికి ఎదురు దిక్కున ఇంకో పొరపాటు ఉంది. ‘ఏపీ 36’ నంబరు ప్లేటుతో ఇప్పటికీ నర్సంపేట రోడ్డు మీద పరుగెత్తే మారుతి 800ను చూపించి, ‘అప్పటి బండ్లే బండ్లు’ అనేవాళ్లున్నారు. ఆ మోడల్ 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి వరకు తయారైంది. ఆ ముప్పై ఏళ్లలో తుక్కుకు పోయిన లక్షల బండ్లు రోడ్డు మీద కనిపించవు కదా. మనకు కనిపించేవి మిగిలినవి. మిగిలినవన్నీ గట్టివే అయి ఉంటాయి, లేదా వాటి యజమానులు గట్టివాళ్లు అయి ఉంటారు.

ఇంజనీర్లు యంత్రాల వైఫల్యాన్ని స్నానపు తొట్టి ఆకారంలో గీస్తారు. మొదటి నెలల్లో తయారీ లోపాలు బయటపడి గీత ఎత్తుగా ఉంటుంది, తర్వాత కొన్నేళ్లు అడుగున చదునుగా సాగుతుంది, అరుగుదల మొదలయ్యాక మళ్లీ లేస్తుంది. ఆరు నెలల యజమాని ‘బండి బాగాలేదు’ అన్నా, నాలుగేళ్ల యజమాని ‘బంగారం’ అన్నా ఇద్దరూ ఒకే గీత మీద వేర్వేరు చోట్ల ఉన్నారు. పన్నెండో ఏడు గురించి మాట్లాడగలిగే మనిషి దొరకడం కష్టం, ఎందుకంటే ఆయన అప్పటికే బండి అమ్మేసి ఉంటాడు.

## ఒకే ఇంజన్, మూడు పేర్లు

కంపెనీ పేరే అంతా నిర్ణయిస్తుందా అన్నదానికి మన దేశంలో చక్కని పరీక్ష ఒకటి దానంతటదే జరిగింది. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్‌ను మారుతి స్విఫ్ట్, డిజైర్‌లలో డీడీఐఎస్ పేరుతో, టాటా ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ పేరుతో, ఫియట్ పుంటో, లీనియాలలో సొంత పేరుతో అమ్మారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేవరకు ఆ ఇంజన్ మన రోడ్లను ఏలింది.

జనం నోట మాత్రం మూడింటికి మూడు జాతకాలు. స్విఫ్ట్ డీజిల్ అంటే ‘కళ్లు మూసుకుని కొనవచ్చు’, పుంటో అంటే ‘బండి మంచిదే కానీ స్పేర్లు దొరకవు’, విస్టా అంటే ‘టాక్సీ బండి’. ఇంజను మూలం ఒకటే. తేడాలు లేవని కాదు: ట్యూనింగు, బరువు, గేర్‌బాక్సు, చుట్టూ ఉన్న వైరింగు వేరు. కానీ పేరులో వచ్చిన దూరమంతా ఇనుములో లేదు. సర్వీసు కేంద్రం ఎంత దగ్గర, విడిభాగం ఎన్నిరోజుల్లో వస్తుంది, బండి ఎవరి చేతుల్లో తిరిగింది అన్నవే చాలావరకు ఆ పేర్లను తయారుచేశాయి.

ఇంకా దగ్గరి ఉదాహరణ 2019లో వచ్చింది. టయోటా గ్లాంజా అంటే ముందు వెనక కొద్ది మార్పులు, లోగో మార్చిన మారుతి బాలెనోయే. తయారుచేసేదీ మారుతి సుజుకీయే. అప్పట్లో బాలెనోకు వారంటీ రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు, గ్లాంజాకు మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. రెండు బండ్లకూ రెండున్నర ఏళ్ల వయసులో స్టీరింగులో ఒకే లోపం వచ్చి, మరమ్మతుకు రూ.20,000 అయిందనుకోండి. అదనపు వారంటీ కొనుక్కోని బాలెనో యజమాని ఆ డబ్బు చెల్లించి పదిమందికి చెబుతాడు. గ్లాంజా యజమాని సంతకం పెట్టి తాళాలు తీసుకుని వచ్చేస్తాడు, నెల తిరిగేసరికి ఆ సంగతే మరచిపోతాడు. తర్వాత మనం ఇద్దరినీ అడిగితే ‘టయోటా టయోటాయే’ అనే మాట వినబడుతుంది. 2024 జులైలో మారుతి కూడా తన వారంటీని మూడేళ్లు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. ఇకమీదట ఈ తేడా తగ్గాలి.

దీనికి తిరగేసిన సంగతీ ఉంది: పేరు ఒకటే, యంత్రం వేరు. 2005లో వచ్చిన స్విఫ్ట్‌లో 1.3 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. 2024లో వచ్చిన స్విఫ్ట్‌లో 1.2 లీటర్ల మూడు సిలిండర్ల కొత్త ఇంజన్. మొదటిదాన్ని రెండు లక్షల కిలోమీటర్లు నడిపిన పెద్దాయన అనుభవం నిజమైనదే. అయితే అది ఈ రోజు షోరూంలో ఉన్న బండి గురించి చెప్పేది తక్కువ. టాటా విషయంలో ఇదే న్యాయం ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 1998 చివర్లో వచ్చిన ఇండికా మీద ఫిర్యాదులు వస్తే కంపెనీయే సవరించి 2001లో వీ2 తెచ్చింది. పాతికేళ్ల తర్వాత కూడా ఆ తొలి ఇండికా మీది కోపం నెక్సాన్ మీద తీర్చుకునేవాళ్లు కనిపిస్తారు.

## అమెరికా నుంచి వచ్చే సలహా

వరంగల్ జిల్లా ఇళ్లలో కారు కొనుగోలుపై ఆఖరి మాట తరచుగా డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వస్తుంది. ‘నాన్నా, హ్యుందాయ్ వద్దు, ఇక్కడ ఇంజన్లు పోతున్నాయి’ అని కొడుకు చెబితే అందులో నిజం ఉంది. అక్కడ అమ్మిన 2.0, 2.4 లీటర్ల తీటా-2 ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ తయారీలో మిగిలిన లోహపు పొడి వల్ల బేరింగులు పాడై, 2015 నుంచి భారీ రీకాల్స్ జరిగాయి. ఇక్కడ ఐ10, ఐ20 వంటి చిన్న కార్లలో వచ్చే 1.2 లీటర్ల కప్పా ఇంజన్ వేరే కుటుంబం. ఆ లోపాన్ని దీనికి అంటగట్టడానికి లేదు.

‘అయితే టయోటా తీసుకోండి’ అన్నది సాధారణంగా రెండో వాక్యం. విచిత్రం ఏమిటంటే, ఇంచుమించు అలాంటి కారణంతోనే, అంటే ఇంజనులో మిగిలిపోయిన తయారీ చెత్త వల్లనే, 2024లో టయోటా అమెరికాలో దాదాపు లక్ష టండ్రా పికప్‌లను, లెక్సస్ (టయోటా వారి ఖరీదైన కార్ల పేరు) బండ్లను వెనక్కి పిలిచింది. పెద్ద పేరున్న కంపెనీకీ ఒక ఇంజను, ఒక సంవత్సరం తప్పిపోవచ్చు.

రీకాల్ అనగానే మనవాళ్లు ఉలిక్కిపడతారు. లోపం ఉందని ఒప్పుకుని ఉచితంగా సరిచేయడం కంపెనీకి అవమానమే కావచ్చు, యజమానికి మేలు. మన దేశంలో 2012 నుంచి కంపెనీలు స్వచ్ఛందంగా చేసేవి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో ప్రభుత్వమే ఆదేశించే అధికారం వచ్చింది, నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి. రీకాల్స్ తక్కువ ఉన్న కంపెనీ లోపాలు తక్కువున్న కంపెనీయే కానక్కరలేదు, చెప్పని కంపెనీ కూడా కావచ్చు.

## ఇన్నోవా ఐదు లక్షలు తిరిగిందంటే

టాక్సీవాళ్ల మాటకు మన దగ్గర విలువ ఎక్కువ, ఉండాలి కూడా. వాళ్లు తిప్పినన్ని కిలోమీటర్లు మనం జన్మలో తిప్పం. 2000లో వచ్చిన క్వాలిస్, 2005లో దాని స్థానంలోకి వచ్చిన ఇన్నోవా ఆ పేరు ఊరికే సంపాదించలేదు. లారీ తరహా ఛాసిస్ ఫ్రేము, వెనక చక్రాలకు శక్తి, దాదాపు 2500 సీసీ డీజిల్ ఇంజన్, శక్తి మాత్రం నూటరెండు హార్స్‌పవర్. అంటే లీటరుకు సుమారు 40. ఇప్పటి 1.5 లీటర్ల టర్బో డీజిల్ నుంచి నూటపదిహేను వరకు లాగుతున్నారు, అంటే లీటరుకు 75కు పైనే. చిన్న ఇంజన్ చెడ్డదని దీనర్థం కాదు, లోహాలు, నూనెలు, కంప్యూటర్ నియంత్రణ అప్పటికంటే ఎంతో మెరుగయ్యాయి. కానీ ఇన్నోవా ఇంజన్ తన పరిమాణానికి తక్కువ భారంతో పనిచేస్తూ బతికింది. దీర్ఘాయువుకు అదీ ఒక కారణం.

మిగతా సగం కారణం డ్రైవరు దగ్గర ఉంది. కాజీపేట నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి రోజూ వెళ్లివచ్చే బండి ఒక్కసారి వేడెక్కి గంటలకొద్దీ ఒకే వేగంతో నడుస్తుంది. గేరు మార్పులు తక్కువ, బ్రేకులు తక్కువ, ఆయిల్ మార్పు తేదీ తప్పదు, తప్పితే తిండి తప్పుతుంది. అదే ఇంట్లో పెట్టుకున్న కారు రోజూ బాలసముద్రం నుంచి బడికి, బడి నుంచి కూరగాయల మార్కెట్టుకు రెండేసి కిలోమీటర్లు తిరుగుతుంది, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతుంది. నాలుగేళ్లలో మూడు లక్షలు తిరిగిన టాక్సీ ఇంజను, ఎనిమిదేళ్లలో నలభై వేలు తిరిగిన సొంత కారు ఇంజనుకంటే లోపల శుభ్రంగా ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు. సీట్లు, తలుపు బిజాగరీలు, రబ్బరు భాగాల సంగతి మాత్రం ఇందుకు పూర్తిగా వేరు.

ఇందులోంచే బీఎస్-6 డీజిల్ గొడవ అర్థమవుతుంది. ఈ బండ్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత మసిని పట్టి ఉంచుతుంది. నిండినప్పుడు దాన్ని దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చి శుభ్రం చేసుకోవాలి. అందుకు కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. ములుగు మీదుగా వారానికోసారి వెళ్లే బండికి అది తెలియకుండానే జరిగిపోతుంది. ఊళ్లోనే తిరిగే బండికి మసి నిండుతుంది, లైటు వెలుగుతుంది, షోరూం బిల్లు వస్తుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నెలలో కొన్న ఇద్దరు యజమానుల్లో ఒకరు పొగుడుతారు, ఒకరు తిడతారు.

## మన ఎండ, మన దుమ్ము, మన వరద

ఉత్తర తెలంగాణకు సొంత పరీక్షలున్నాయి. మే నెలలో రామగుండంలో పగటి వేడి 45 డిగ్రీలు తాకుతుంది. బ్యాటరీ రసాయనానికి చలికంటే వేడే శత్రువు, ఏసీ మీద భారం సరేసరి. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లిలో గాలిలో బొగ్గు పొడి ఉంటుంది, ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసిన కిలోమీటర్లకంటే ముందే మూసుకుపోతుంది. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద లింక్ రాడ్లు, బుష్‌లు అరగడం ఏ కంపెనీకీ తప్పదు. రెండేళ్లకోసారి మేడారం జాతర దారిలో బండ్లు మొదటి గేరులో గంటలకొద్దీ పాకుతాయి, క్లచ్ ప్లేట్ల ఆయుష్షు అక్కడ కరిగిపోతుంది.

ఆటోమేటిక్ రకాల మధ్య తేడా కూడా ఇలాంటి చోటే బయటపడుతుంది. డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌లతో పనిచేసే) గేర్‌బాక్సు పాకుడు ట్రాఫిక్‌లో వేడెక్కి హెచ్చరిక చూపడం తెలిసిన సంగతే. ఏఎంటీ మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మోటారు చేస్తుంది, కుదుపు ఉన్నా బాగుచేయడం తేలిక. టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు నూనె ద్వారా శక్తిని అందించే రకం) బరువైనది, ఇంధనం కాస్త ఎక్కువ తింటుంది, ఓర్పు మాత్రం ఎక్కువ. ‘ఆ కంపెనీ ఆటోమేటిక్ నమ్మలేం’ అనేవాళ్లు తరచుగా కంపెనీని కాదు, ఇందులో ఒక రకాన్ని తిడుతున్నారు.

2023 జులైలో మోరంచపల్లి మునిగినప్పుడు చూశాం నీటి బలం ఎంతో. నీళ్లలోంచి దాటించిన బండి ఇంజనులోకి నీరు పీలిస్తే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. నిలిపి ఉంచి మునిగిన బండిది ఇంకో కథ: ఆరబెట్టి నడిపిస్తే నడుస్తుంది, నెలల తర్వాత వైరింగు కనెక్టర్లకు చిలుము పట్టి ఒక్కో హెచ్చరిక లైటూ వెలగడం మొదలవుతుంది. ఈలోగా అది చేతులు మారి ఉంటే, కొత్త యజమాని ‘ఈ కంపెనీ ఎలక్ట్రికల్స్ దండగ’ అని తీర్పు చెబుతాడు. ఊళ్లలో ఎలుకలు కొరికిన వైర్ల ఖాతా కూడా చాలాసార్లు కంపెనీ మీదే రాస్తారు.

## అయితే కంపెనీ పేరుకు విలువ లేనట్టేనా

ఇంతవరకు చదివి అలా అనుకుంటే అది అతి. కంపెనీ పేరులో నిజమైన సమాచారం కొంత ఉంటుంది. కన్స్యూమర్ రిపోర్ట్స్ పట్టికల్లో టయోటా, లెక్సస్ ఏళ్ల తరబడి పై వరుసల్లోనే ఉంటున్నాయి. ఒక ఏడాది అదృష్టం అనుకోవచ్చు, దశాబ్దాలను అలా అనలేం. కొత్త సాంకేతికతను ఆచితూచి తేవడం, పాత ఇంజన్‌నే మెరుగుపరుస్తూ పోవడం, విడిభాగాలు ఇచ్చేవాళ్లను కట్టడి చేయడం ఒక అలవాటుగా ఉన్న కంపెనీకి తప్పులు తక్కువ జరుగుతాయి. దీన్ని నమ్మేవాళ్ల వాదన బలమైనది.

మారుతి అభిమానుల వాదన దీనికి భిన్నం, కానీ తక్కువది కాదు. బండి చెడదని వాళ్లు అనరు, చెడితే జనగామలోనైనా జగిత్యాలలోనైనా ఆ పూటే బాగవుతుందని అంటారు. టాటా, మహీంద్రా వైపు నిలబడేవాళ్లు ‘చిన్న చిన్న లోపాలు భరిస్తాం, ప్రాణం ముఖ్యం’ అంటారు. వీళ్లలో ఎవరు తప్పు అని తేల్చడం కుదరదు. మొదటివాళ్లు లోపాల సంఖ్యకు, రెండోవాళ్లు బాగుపడే వేగానికి, మూడోవాళ్లు భద్రతకు ఎక్కువ మార్కులు వేస్తున్నారు.

కంపెనీ పేరు ఇంకో రకంగానూ బరువు తూగుతుంది. జనరల్ మోటార్స్ 2017 చివరికి షెవర్లే అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఫోర్డ్ డీజిల్ ఇంజన్లను ఈ రోజుకీ మెచ్చుకునే యజమానులున్నారు, ఆ మెప్పు న్యాయమైనదే. అయినా పెద్దపల్లిలో ఉన్న యజమానికి ఒక సెన్సారు హైదరాబాద్ నుంచి వచ్చేదాకా బండి షెడ్డులో ఉంటే, ఆ పది రోజులు ఇంజను గొప్పతనం పనికిరాదు. యంత్రంలో మార్పేమీ లేకుండానే, ఒక్క ప్రకటనతో ఆ బండి మరమ్మతు కష్టమూ మారింది, అమ్మకపు ధరా మారింది.

## ఈ20, బ్యాటరీ కార్లు: ఇంకా రాని సాక్ష్యం

2025లో యజమానుల మాటల్లో కొత్తగా చేరిన గొడవ ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇందులో రెండు విషయాలను కలిపేస్తున్నారు. మైలేజీ తగ్గడం భౌతికశాస్త్రం: లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి 20 శాతం కలిపితే అసలు కలపని పెట్రోలుతో పోల్చి ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. అంతకుముందే 10 శాతం కలిపి అమ్ముతున్నారు కనుక యజమానికి కొత్తగా తెలిసే తేడా అందులో సగమే. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు దెబ్బతినడం రెండో విషయం. అది నెమ్మదిగా, బండిని బట్టి జరిగేది. ప్రమాదమేమీ లేదని ప్రభుత్వం అంటుంది, తమ పాత బండ్లను దీనికోసం తయారుచేయలేదని యజమానులు అంటారు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లు ఈ20ను తట్టుకునే భాగాలతో వస్తున్నాయి. 2015 నాటి కారులో ఇప్పుడు ఇంధన పంపు పోతే అది పదేళ్ల వయసు వల్లనా, ఇథనాల్ వల్లనా అన్నది ఆ ఒక్క బండిని చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

బ్యాటరీ కార్ల గురించి అయితే దీర్ఘకాల పోలికే తొందరపాటు. ఇంజన్ ఆయిల్ లేదు, క్లచ్ లేదు, అరిగే భాగాలు తక్కువ అన్నది నిజం. ఖరీదంతా ఒకే పెట్టెలో, అంటే బ్యాటరీలో ఉంది అన్నదీ నిజం. 2020 జనవరిలో వచ్చిన నెక్సాన్ ఈవీ బ్యాటరీకి కంపెనీ ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇచ్చింది. తొలి కొనుగోలుదారులకు ఆ గడువు తీరేది 2028లో. అప్పుడు వాళ్లు చెప్పే మాట వినదగినదే. అందులో ఎవరి బండి నీడలో నిలిచింది, ఎవరిది ఎనిమిది వేసవులూ రామగుండం ఎండలో నిలిచింది అన్నది మాత్రం అప్పుడు కూడా అడగవలసి ఉంటుంది.